సాయంత్రం లేని ఇల్లు

మా ఇంట్లో సాయంత్రం ఉండదు. పొద్దున కూడా ఉండదు, మధ్యాహ్నం అసలే ఉండదు. మా ఆయన అల్లావుద్దీన్ వాటిని ఎప్పుడో ఇంట్లోంచి తరిమేశాడు. ఆయన షార్ రాకెట్ కేంద్రంలో షిఫ్టు బస్సు నడిపేవాడు. సూళ్లూరుపేటలో స్టాఫ్‌ను ఎక్కించుకుని పులికాట్ మీదుగా దీవిలోకి తీసుకెళ్లడం, షిఫ్టు దిగినవాళ్లను వెనక్కి తేవడం, రిటైరయ్యేదాకా ఇదే పని. అక్కడ టైమంతా రైల్వే టైమే. ఒంటిగంటను పదమూడంటారు, రాత్రి ఎనిమిదిని ఇరవై అంటారు. వాళ్ల పని అలాంటిది, అనుకోవడానికేం లేదు. కానీ ఈ మహానుభావుడు ఆ టైమును ఖాళీ టిఫిన్ క్యారియర్‌తో పాటు రోజూ ఇంటికి మోసుకొచ్చాడు.

"మేయ్ మస్తానీ, పద్నాలుగింటికి వస్తా, అన్నం పెట్టు" అనేవాడు. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒళ్లు మండేది. ఆ తర్వాత మొగుణ్ణి మార్చుకోలేం గదా, అలవాటు చేసుకున్నాను. పెద్ద అంకె చెబితే అందులోంచి పన్నెండు తీసెయ్యాలి. పన్నెండు లోపు అంకె చెబితే అది పొద్దున పూటే, ఇంక ఆలోచించే పని లేదు. ఆయన ఏడు అంటే పొద్దున ఏడే. రాత్రి ఏడైతే పంతొమ్మిది అంటాడు గాని చచ్చినా ఏడు అనడు. రంజాన్ నెలలో మసీదు నుంచి అజాన్ వినబడుతున్నా, ఖర్జూరం చేత్తో పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తాడు. "పద్దెనిమిదీ ముప్పై ఒకటి, సరిగ్గానే ఉంది" అని అజాన్‌కు సర్టిఫికెట్ ఇచ్చి అప్పుడు నోట్లో వేసుకుంటాడు. రిటైరై సొంత వ్యాను కొనుక్కుని బాడుగలకు తిప్పుతున్నాడు, అయినా ఆ జబ్బు వదల్లేదు.

ఎందుకయ్యా నీకిది అని అడిగితే ఒకటే జవాబు. "పొద్దున, సాయంత్రం అంటే మనుషులు పొరపాటు పడతారు మే. అంకెకు పొరపాటుండదు."

అంకెకు పొరపాటుండదంట! ఆ మాట మా అక్క దగ్గర అనమనండి, తెలుస్తుంది.

మా అక్క ఖాజాబీ నెల్లూరులో ఉంటుంది. అమ్మ పోయినప్పుడు నేను చిన్నపిల్లను. నాకు తల దువ్వింది, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, బళ్లో చేర్పించింది అంతా ఆమే. నా కూతురు సబీనా పుట్టినప్పుడు నాకంటే ముందు ఎత్తుకున్నది కూడా ఆమే. సబీనాకు నిఖా కుదరగానే, "పెళ్లికూతురి సెహ్రా నేనే కడతా, ఒక్క పువ్వు కూడా ఇంకెవురూ ముట్టుకోబళ్లా" అని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మా ఆయన ఆమెకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. నిఖా 16:30. అంతే, ముందూ వెనకా ఇంకో మాట లేదు. అక్క ఆ అంకెలో ఆరున్నర మాత్రం చూసుకుంది, ముందున్న ఒకటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ పూల సెహ్రాను తడిగుడ్డలో చుట్టుకుని ఆమె ఫంక్షన్ హాలుకు వచ్చేసరికి నిఖా అయిపోయింది, జనం బిర్యానీ బంతుల్లో కూర్చున్నారు. సబీనా నుదుటన బజారు సెహ్రా వేలాడుతోంది.

"నేను రాకుండా చేసేసినారే" అంది అక్క.

"ఊరంతా టయానికొచ్చింది. నువ్వొచ్చేదాకా ఖాజీగారిని కూచోబెట్టాలంటే ఎట్లక్కా?" అన్నాను. పెళ్లి పనుల్లో తల తిరిగిపోతున్న మనిషి నోటినుంచి ఆ మాత్రం మాట రాదా? అక్క హాలు గుమ్మం దగ్గర ఒక కుర్చీలో ఆ తడిగుడ్డ మూట పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తినకుండా పోయింది! నా బిడ్డ పెళ్లిలో, ఎవరెవరో వచ్చి రెండోసారి వడ్డించుకుని తిన్న పెళ్లిలో, మా అక్క మెతుకు ముట్టకుండా పోయింది. అది నేను మర్చిపోలేదు. ఆరేళ్లు ఆమె ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

తప్పు తనదేనని మా ఆయన అప్పుడప్పుడు గొణుగుతుండేవాడు. "నీదే" అనేదాన్ని నేను.

ఈ ఏడు అక్క ఉమ్రాకు బయల్దేరింది. మక్కాకు పోయేవాళ్లు ముందుగా అయినవాళ్లందరి గడపా తొక్కి, తెలిసో తెలియకో ఏమన్నా అని ఉంటే మన్నించమని అడిగి పోవడం మావాళ్లలో ఆనవాయితీ. మనిషితో తగవు పెట్టుకుని అల్లా ఇంటికి పోకూడదు. మా అక్క ఆటో మాట్లాడుకుని నెల్లూరంతా తిరిగిందంట. మూడో అంతస్తులో ఉన్న మా మేనత్త కూతురి ఇంటికి కూడా ఎక్కి వచ్చిందంట. మా ఇంటికి మాత్రం రాలేదు. ఆమె కొడుకు కలీం మా ఆయనకు ఫోన్ చేశాడు. అమ్మకు మోకాళ్లు బాగాలేవు, సూళ్లూరుపేట దాకా రాలేదు, మద్రాసు పోయే బండి మీ స్టేషన్లో రెండు నిమిషాలు ఆగుతుంది, పిన్నిని ప్లాట్‌ఫారం మీదకు రమ్మనండి, కిటికీలోంచి మాట్లాడుకుంటారు. ఇదీ వాడి కబురు.

"ఆహా! మూడంతస్తులు ఎక్కిన మోకాళ్లు మా ఇంటికొచ్చేసరికి నొస్తాయా? కిటికీలోంచి మాఫీ ఇచ్చేదానికి నేనేమన్నా టీలమ్మేదాన్నా? నేను పోను" అన్నాను. కలీం టికెట్టును మా ఆయన ఫోన్‌కు పంపితే, "ఆమె సంగతులేమీ నాకు చూపించబాక" అని మొహం తిప్పేసుకున్నాను.

మా ఆయన ఆ టికెట్టు వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. పెదాలు కదుపుతున్నాడు, నెత్తి గోక్కుంటున్నాడు. చివరికి లేచి తాళాలు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నేను బోగోలుకు బాడుగ పోతుండా. రాత్రికి ఆడనే ఉండాల. రేపు అయిదూ నలభైకి మీ అక్క బండి. నేనొచ్చి తీసకపోతా, తయారుగా ఉండు" అన్నాడు.

"నేను రాను."

"సరే, రాబాక" అని వెళ్లిపోయాడు. ఈ మనిషికి నా సంగతి బాగా తెలుసు.

ఆయన వ్యాను వీధి మలుపు తిరగ్గానే నేను మాంసం కొట్టుకు పోయాను. మసాలా పట్టించి పెట్టుకుని, రంజాన్‌లో సెహరీకి లేచినట్టు చీకటితోనే లేచి బిర్యానీ దమ్ము పెట్టాను. ఆరోజు తినకుండా పోయిందే, ఆ బిర్యానీయే. అదే బియ్యం, అదే పొట్లాల మసాలా. రెండు నిమిషాల్లో కిటికీ ఊచల మధ్యనుంచి క్యారియర్ పోదని డబ్బాలో సర్ది, చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టాను. ఫజర్ నమాజ్ చేసుకున్నాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వడిగితే మాఫీ ఇస్తాను గాని, నా బిడ్డ పెళ్లిలో తినకుండా ఎందుకు పోయావో ముందు చెప్పు, అని అడగాలి. రెండు నిమిషాల్లో ఇంతకంటే ఎక్కువ అడగలేం.

మా ఆయన రాలేదు. వీధిలోకి తొంగి చూసి చూసి, నాలుగు తిట్లు తిట్టుకుని, ఆటో పిలుచుకుని స్టేషన్‌కు పోయాను. ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు పెట్టుకున్న హెబ్రోను అప్పుడే స్టవ్ వెలిగిస్తున్నాడు. మా ఆయన బస్సు నడిపే రోజుల నుంచి మాకు తెలిసినవాడు.

"అక్కా, ఏంది ఇంత పొద్దున్నే?"

"మా అక్క పోతా ఉంది, మక్కాకు. మద్రాసు బండి వచ్చేది ఈ పక్కనే గదా?"

"ఈ పక్కనే. ఇప్పుడొకటి వస్తది" అన్నాడు.

వచ్చింది. ఆరేళ్లలో అక్క జుట్టు ఎంత నెరిసిందో, నన్ను గుర్తుపడుతుందో లేదో అని ఏవేవో పిచ్చి ఆలోచనలు. బండి ఆగీ ఆగకముందే డబ్బా చంకన పెట్టుకుని పరుగెత్తాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఒక్కో కిటికీని అరచేత్తో బాదుతూ, "ఖాజక్కా! ఓ ఖాజక్కా!" అని అరుస్తూ పోయాను. ఒక కిటికీ తెరుచుకుంది. బోడిగుండు పెద్దాయన ఒకడు బయటికి చూసి, "ఏందమ్మా, ఏమన్నా తగలబడిందా?" అన్నాడు. ఇంకో కిటికీలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, దాని తల్లి నన్ను తిట్టింది. నేను ఆగలేదు. చివరి పెట్టె దాకా పోయాను, మళ్లీ వెనక్కి వచ్చాను. బండి కదిలింది. దానితో పాటు నేనూ కొంతదూరం పరుగెత్తాను. ఒక్క కిటికీలో కూడా మా అక్క లేదు.

బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం అంత నిశ్శబ్దంగా ఎందుకుంటుందో! బెంచీ మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. రమ్మని కబురు పెట్టి, కిటికీ కూడా తెరవలేదే అనిపించింది. లోపల ఉండి, నా అరుపులు వినీ, అటు తిరిగి పడుకుని ఉంటుంది. అంత కోపం పెట్టుకుని మక్కాకు పోతుందా మనిషి? ఇంత వయసులో అంత దూరం, మళ్లీ కనబడుతుందో లేదో. నాకు కోపం వచ్చినప్పుడల్లా ముందు మొగుడే గుర్తొస్తాడు. ఆయనకు ఫోన్ చేశాను.

"యాడుండావయ్యా?"

"బోగోలులోనే. పండుకోనుండా. ఏందిమే, ఏడుస్తున్నావా?"

"బండి వచ్చింది, పోయింది. మా అక్క మొహం కూడా చూపించలా. నువ్వు తీసకపోతానన్నావు, నువ్వూ రాలా. అందరూ కలిసి నన్ను ఒక పిచ్చిదాన్ని చేసినారు."

"ఏ బండి? మీ అక్క బండి సాయంత్రం గదా!"

సాయంత్రం. ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో! నాకు కాసేపు అది ఏ భాషో అర్థం కాలేదు.

"అయిదూ నలభై అని చెప్పినావు గదా నువ్వు!" అని అరిచాను. "సాయంత్రమైతే పదిహేడూ నలభై అని చెప్పాల్నా లేదా? నిఖా అయినకాడి నుంచి పెళ్లాం మీద రుద్దినావు గదా ఆ పదిహేడూ పద్దెనిమిదీ! ఇన్నేళ్లలో సాయంత్రం అయిదును అయిదని ఒక్కరోజు అన్నావా?"

అవతల నుంచి ఆయన గొంతు మెల్లగా వచ్చింది. "నీ కోసమే అట్ల చెప్పినా మే. ఆరోజు పదహారున్నర అని పంపించి మీ అక్కచెల్లెళ్లను విడగొట్టింది నేనే గదా. ఈసారి కూడా పదిహేడు అంటే ఏడనుకుంటావేమో, బండి తప్పిపోతుందేమో అని భయపడినా. నీ లెక్కలో చెబుదామని చూసినా."

నేను ఆయన లెక్కలో విన్నాను, ఆయన నా లెక్కలో చెప్పాడు. ఇంకేం తిట్టగలను? "బిర్యానీ చల్లారిపోతా ఉంది" అని ఫోన్ పెట్టేశాను.

హెబ్రోను అడగకుండానే టీ తెచ్చి పెట్టాడు. సగం తాగానో లేదో ఫోన్ మోగింది. కలీం నంబరు. మా ఆయన వాడికి చెప్పేసి ఉంటాడు. ఎత్తగానే కలీం గొంతు కాదు, అక్క గొంతు.

"మస్తానీ, టేషన్లో ఉండావంట?"

ఆరేళ్ల తర్వాత మొదటి మాట అది. ఊ అన్నాను.

"పొద్దున్నే పోయినావంటనే? నా కోసమా?"

"కాదు, స్టేషన్ మాస్టరుకు బిర్యానీ పెడదామని వచ్చినా" అన్నాను.

అక్క నవ్వలేదు. "బండి సాయంత్రం. ఇంటికి పోవే" అంది.

"పోను. పొద్దనీ సాయంత్రమనీ, అయిదనీ పదిహేడనీ మీ లెక్కలు నాకొద్దు. నేనిక్కడే కూచుంటా. బండి ఎప్పుడొస్తే అప్పుడే రానీ. ఇంటికి పోయి, మళ్లీ ఏదో తప్పు జరిగి, నిన్ను చూడకుండా పంపిస్తే నేను తట్టుకోలేనక్కా" అన్నాను. కోపంగా అందామనుకున్నాను, చివరికొచ్చేసరికి ఏడుపయింది. అవతల ఏదో గొణిగినట్టు వినబడింది, ఫోన్ కట్టయింది.

అలాగే కూర్చున్నాను. ఎండ ప్లాట్‌ఫారం మీదకు పాకుతూ బెంచీ దగ్గరకు వచ్చింది. "అక్కా, ఇంటికి పో, ఏ బండి వచ్చినా నేను ఆపి పెడతా" అని హెబ్రోను వేళాకోళం చేశాడు. నేను తువ్వాలు ఇంకాస్త బిగించి కట్టి, డబ్బాను ఒళ్లోకి తీసుకున్నాను. కూలికి పోయేవాళ్లు, షార్‌కు పోయేవాళ్లు, చేపల బుట్టలవాళ్లు వచ్చారు, పోయారు. రెండు బండ్లు ఆగాయి. దేనికీ లేవలేదు, నాకు కావాల్సింది సాయంత్రం బండి.

మూడో బండి ప్యాసింజరు, నెల్లూరు వైపు నుంచి వచ్చింది. ఎప్పటిలాగే చూస్తున్నాను. ముందు పెట్టె తలుపులోంచి కలీం దూకాడు. వెనక్కి తిరిగి చేతులు చాపాడు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, తెల్ల దుపట్టా కప్పుకుని, మా అక్క నిలబడి ఉంది. ఒక కాలు కిందికి పెట్టబోయింది, నొప్పితో మళ్లీ పైకి లాగేసుకుంది.

"అమ్మా, దిగమ్మా, బండి కదులుతుంది" అంటున్నాడు కలీం. "సామాన్లు మక్కాకు పోయే జమాత్ వాళ్లతో సాయంత్రం బండికే వస్తాయి, అందాకా ఆగమంటే వినలా పిన్నీ, ఇప్పుడే పోవాల అని కూచునింది" అని నన్ను చూసి మొత్తుకున్నాడు.

నేను ఎలా పరుగెత్తానో తెలియదు. డబ్బా బెంచీ మీద ఉందో కింద పడిందో కూడా చూసుకోలేదు. భుజం పెట్టాను. అక్క తన బరువంతా నా మీద వేసింది. "మెల్లిగా, మెల్లిగా" అంటూ నేను, "యా అల్లా" అంటూ ఆమె, ఇద్దరం కలిసి కిందికి దిగాం. ఎంత తేలికైపోయింది! చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. దుపట్టా జారితే చూశాను, జుట్టంతా తెల్లబడింది.

బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆయాసం తీరేదాకా వీపు నిమిరాను. నేను సిద్ధం చేసుకున్న ప్రశ్న ఒకటి ఉంది గదా, అది నాలుక చివర ఉంది. అక్క నా వైపు చూడకుండా తువ్వాలు చుట్టిన డబ్బా వైపు చూసింది.

"ఆకలేస్తా ఉందే. పొద్దున్నించి ఏమీ తినలా. అన్నం పెట్టు" అంది.

ఇంక నేనేం అడుగుతాను? ముడి విప్పాను. లోపల ఇంకా గోరువెచ్చగా ఉంది. చెయ్యి కడుక్కోవడానికి హెబ్రోను చెంబుతో నీళ్లు తెచ్చాడు. నేను అన్నం కలుపుతుంటే అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మస్తానీ, ఆరోజు పెళ్లిలో గాని, తర్వాత గాని, నేను నిన్ను ఏమన్నా అని ఉంటే..."

ఆరేళ్లుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. పూర్తిగా వినాలనుకున్నాను, రెండుసార్లు చెప్పించుకోవాలనుకున్నాను. కానీ తీరా ఆమె అడగబోతుంటే నాకు వినబుద్ధి కాలేదు. కలిపిన ముద్ద ఆమె నోట్లో పెట్టేశాను. "ముందు తినక్కా" అన్నాను.

నోటినిండా ముద్దతో ఏడుస్తూ నమిలింది. మింగింది. దుపట్టాతో మూతి తుడుచుకుంది.

"ఉప్పు తక్కువైందే" అంది.

"పెళ్లిలో సరిగ్గానే పడింది. తినుంటే తెలిసేది" అన్నాను. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కలీం తల పట్టుకుని టీ కొట్టు వైపు పోయాడు.

అప్పుడొచ్చాడు మా ఆయన. బాడుగ వాళ్లను ఎప్పుడు దించాడో, వ్యాను ఎంత వేగంగా తోలాడో, చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టుకుని మెట్ల వంతెన మీదనుంచి దిగి పరుగెత్తుకొచ్చాడు. మమ్మల్ని చూసి దూరంగానే ఆగిపోయాడు. బడికి ఆలస్యమైన పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు.

అక్క ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఏమబ్బయా అల్లావుద్దీన్, మా బండి ఎన్నింటికి?"

మా ఆయన స్టేషన్ గడియారం వైపు చూశాడు. నన్ను చూశాడు. నోరు తెరిచాడు, పదిహే... అన్నట్టు పెదాలు కదిలాయి, మళ్లీ మూశాడు.

"సాయంత్రం" అన్నాడు. అంతే. అంకె చెప్పలేదు.

"అయితే ఇంకా బోలెడు పొద్దుందిలే" అని అక్క నా వైపు తిరిగి నోరు తెరిచింది.